గోదావరిఖనిలో మోకాళ్ల పాఠం

ఆటలకు వేరే డాక్టరు ఎందుకు? మా తమ్ముడు జహీర్ క్రీడా వైద్యం నేర్చుకోవడానికి ఏడాది పాటు పంజాబ్ వెళ్తానన్నప్పుడు నేను అడిగిన మాట ఇది. వాడు గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుల కాలనీ దవాఖానాలో డాక్టరు. జ్వరాలు, దగ్గులు, బాలింతలు, షిఫ్టులో తగిలిన దెబ్బలు, అన్నీ వాడే చూస్తాడు. చేతి నిండా పని ఉన్నవాడు కబడ్డీ ఆడేవాళ్ల మోకాళ్ల కోసం అంతదూరం పోవడం నాకు అర్థం కాలేదు. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి అడిగాను. వాడు నవ్వి వెళ్లిపోయాడు. తిరిగివచ్చి ఆరు నెలలయింది. మొన్న పక్కింటి ఫోనుకు చేశాడు. శ్రీరాంపూర్, కాసిపేట, సెంటినరీ కాలనీల నుంచి తనలాంటి మామూలు దవాఖానా డాక్టర్లను పిలిచి రెండు రోజులు శిక్షణ ఇస్తున్నాడట. "ఆపా, ఒక్కరోజు వచ్చి కూర్చో" అన్నాడు. బడికి సెలవు పెట్టి బయల్దేరాను. ఆ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో ఆడేవాళ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కరీంనగర్‌లో ఫజర్ నమాజు చేసుకొని బస్టాండుకు వస్తే ఆరు గంటల ఎక్స్‌ప్రెస్ అందుతుంది. గోదావరిఖనికి టికెట్టు పద్దెనిమిది రూపాయలు, సుమారు రెండు గంటల దారి. సుల్తానాబాద్ దాకా రెండువైపులా నాట్లు పడిన పొలాలు, రైసు మిల్లుల దగ్గర ఊక పొగ. ఫిబ్రవరి చలి ఇంకా పోలేదు, చెవులకు దుపట్టా చుట్టుకోవాల్సి వచ్చింది. పెద్దపల్లిలో బస్సు కాసేపు ఆగుతుంది. ఆ సమయం టీకి సరిపోతుంది గానీ మిర్చి బజ్జీలకు సరిపోదు. నా ముందు సీటు పెద్దమనిషి బజ్జీలకని దిగి, పొట్లం పట్టుకొని కదిలిన బస్సు వెంట పరుగెత్తుకొచ్చాడు. కండక్టరు చెయ్యి అందించి లోపలికి లాగుతూ, "ఏం కాక, కబడ్డీకి పోతున్నవా? దమ్ము మంచిగనే ఉన్నది!" అన్నాడు. ఆయన ఏమీ అనుకోలేదు. కండక్టరుకు ఒక బజ్జీ ఇచ్చాడు, నాకూ ఒకటి ఇచ్చాడు. బసంత్‌నగర్ దాటాక కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి బొగ్గు లారీలు ఎక్కువ. ముందు లారీ వెళ్తుంటే కిటికీ అద్దం మూసుకోండి. నేను మరిచిపోయాను, తెల్ల దుపట్టా దులుపుకుంటూ దిగాను.

బస్టాండు నుంచి కాలనీ దవాఖానాకు ఆటో పది రూపాయలు. మొదటి షిఫ్టువాళ్లు అప్పటికే గనుల్లోకి దిగిపోయి రోడ్డు ఖాళీగా ఉంది. రాత్రి షిఫ్టు ముగిసినవాళ్లు మాత్రం సైకిళ్ల మీద నెమ్మదిగా ఇళ్లకు పోతున్నారు. దవాఖానా పేరు చెప్పగానే ఆటో నడిపే రాజయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"మోకాళ్ల డాక్టర్ సాబ్ దగ్గరికేనా అమ్మా?"

మా తమ్ముడేనన్నాను. అయినా అతను తగ్గలేదు. "మీ తమ్ముడని చెప్తలేను గని, ఆ సారు మందు రాయడమ్మా! మా మామ పోతె గోడకు వీపు ఆనిచ్చి, కుర్చీ లేకుంట కుర్చీల కూసున్నట్టు కూసోమన్నడట. మా ఇంట్ల కుర్చీ లేదనుకున్నడా అని మా మామకు గుస్సా!"

"మరి కూర్చున్నాడా?"

"కూసున్నడు. నెలకు కట్టె ఇడిసిపెట్టిండు. గిప్పుడు నన్ను కూసోమంటుండు."

దవాఖానా వెనక పొడవాటి గదిలో శిక్షణ. పన్నెండు మంది డాక్టర్లు, అందులో ముగ్గురు ఆడవాళ్లు. అందరూ రోజూ వంద మంది రోగులను చూసి అలిసిపోయేవాళ్లే. నేను గోడపక్క కుర్చీలో కూర్చున్నాను. పాఠం అంటే నల్లబల్ల, సుద్దముక్క అనుకున్నాను. అక్కడ మగ డాక్టర్లు ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి, ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. కళ్లు మూసుకొని నిలబడితే ఎవరి చీలమండ వణుకుతుందో పక్కవాళ్లు చూడాలి. చీలమండ బెణికి ఎన్నాళ్లయినా ఆ వణుకు ఉంటుందట. నొప్పి పోగానే ఆటకు పంపితే అదే చీలమండ మళ్లీ బెణుకుతుందని జహీర్ చెప్పాడు. తర్వాత ఒకరి కాలికి ఒకరు పట్టీలు చుట్టుకున్నారు, గుంజీలు తీశారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో తెచ్చిన గడ్డలను పగలగొట్టి గుడ్డలో కట్టి, ఎంతసేపు పెట్టాలో, ఎప్పుడు తీసేయాలో వాళ్ల చర్మం మీదనే నేర్చుకున్నారు. శ్రీరాంపూర్ నుంచి వచ్చిన డాక్టర్ విజయ నా వయసుకు దగ్గరి మనిషి. "ఇరవై ఏళ్ల నుంచి నొప్పి గోలీ ఇచ్చి, విశ్రాంతి తీసుకో అని పంపిస్తున్నానండీ. ఎంత విశ్రాంతో, ఆ తర్వాత ఏం చెయ్యాలో నేనెప్పుడూ చెప్పలేదు. నాకూ తెలియదు కదా" అంది. ఆ మాట చెప్పడానికి ఆమె ఏమీ మొహమాటపడలేదు. నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

పదకొండు దాటాక ఇద్దరు మనుషులు వచ్చారు. ముందు వచ్చినాయన పోచయ్య, కాలనీ కబడ్డీ జట్టును ఏళ్ల తరబడి చూసుకుంటున్న పెద్దమనిషి. వెనక వచ్చినవాడు మల్లేశ్, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. జట్టులో కూతకు పోవడంలో అతన్ని మించినవాళ్లు లేరట. మల్లేశ్ ఐదేళ్లు గనిలో కింద బొగ్గు ఎత్తాడు. ఆట బాగుందని రెండేళ్ల కింద అతన్ని పైకి తెచ్చి ల్యాంప్ రూంలో వేశారు. కిందికి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి పుచ్చుకునే పని అది. మూడు వారాల కింద ఆటలో పడ్డాడు, మోకాలికి కట్టు కట్టించుకున్నాడు. ఆదివారం పెద్ద పోటీ. ఆడాలంటే డాక్టరు ఫిట్ అని చిట్టీ రాయాలి.

"రాసియ్యి సార్, జల్ది పోవాలె. పోరగాళ్లు గ్రౌండుల ఉన్నరు" అన్నాడు పోచయ్య.

జహీర్‌కు మంచి పాఠం దొరికినట్టయింది. మల్లేశ్‌ను బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష ఎలా చేయాలో చూపించాడు. మోకాలి లోపల రెండు ఎముకలను పట్టి ఉంచే తాడు లాంటిది ఒకటుంటుందట. మోకాలిని కొంచెం వంచి, ఒక చేత్తో తొడ పట్టుకొని, ఇంకో చేత్తో పిక్క దగ్గర పట్టి ముందుకు లాగాలి. తాడు బాగుంటే ఎముక టక్కున ఆగుతుంది. తెగితే జారుతుంది. డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు లాగి చూశారు. "గట్టిగానే ఉంది" అన్నారు. విజయ చూసింది. "జారడం లేదు" అంది. జహీర్ కూడా చూశాడు. పోచయ్య జేబులోంచి పెన్ను తీసి ముందుకు చాచాడు.

జహీర్ పెన్ను తీసుకున్నాడు గానీ రాయలేదు. మల్లేశ్ చేతుల వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. అతను బల్ల అంచులను రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. వేళ్లు తెల్లబడ్డాయి.

"భోజనాలకు వేళయింది. కాక, మీరు కూడా రండి. మల్లేశ్, నడువ్, తిందాం" అన్నాడు జహీర్.

"చిట్టీ సార్?"

"తిన్నంక చూద్దాం."

ఈలోగా నర్సు తన గదిలో దుప్పటి పరిచి, పడమర ఎటో చూపించి వెళ్లింది. మధ్యాహ్నం జుహర్ నమాజు చదువుకొని వచ్చేసరికి అందరూ వరండాలో బల్లల ముందు కూర్చున్నారు. అన్నం, పాలకూర పప్పు, గుడ్ల పులుసు, పచ్చిపులుసు. వండిన సత్తెమ్మ గరిట పట్టుకొని నిలబడి నవ్వుతోంది. "డాక్టర్లంటే జరంత తింటరనుకున్నమ్మా. పొద్దటిసంది గుంజీలు తీసి తీసి అన్నం గంజు ఖాళీ చేసిండ్రు. మళ్ల బియ్యం పెట్టిన" అని నాకు రెండో గుడ్డు వేసింది. ఈ దవాఖానాకు వచ్చేవాళ్లు ఎనిమిది రూపాయలిస్తే ఆమె దగ్గర కడుపునిండా తినవచ్చు. పచ్చిపులుసు మాత్రం అడిగి వేయించుకోండి.

మల్లేశ్ మొదట తలవంచుకొని తిన్నాడు. జహీర్ మోకాలి సంగతి ఎత్తలేదు. "ఆ రోజు ఆట ఎవరితోని?" అని అడిగాడు. అంతే, మల్లేశ్ ముఖం మారిపోయింది. మంచినీళ్ల గ్లాసులు ముందుకు జరుపుకొని ఏడుగురు ఆటగాళ్లను నిలబెట్టాడు. ఉప్పు గిన్నె తనట.

"గీ మూలకున్నోడు బాగ మోటుగున్నడు సార్. వాణ్ని ఇడిసిపెట్టి గీ నడిమి సందుల దూరిన. ఇద్దర్ని ముట్టిన. గీత గింత దూరం ఉన్నది. ఎన్కకు మర్రుదమని గీ కాలు నాటి గిట్ల తిరిగిన." ఉప్పు గిన్నెను గిర్రున తిప్పాడు. "ఎవ్వడు నన్ను తాకనన్న తాకలె. టప్‌మని సప్పుడైంది. గీత పక్కకున్నోళ్లు గుడ విన్నరు. ఎవడో కట్టె ఇరిసిండనుకున్న."

"వాపు ఎప్పుడొచ్చింది?"

"ఇంటికి పొయ్యేటాళ్లకే గుమ్మడికాయంత..." అని ఆగిపోయాడు. పోచయ్య అతన్ని మోచేత్తో పొడిచాడు గానీ ఆలస్యమైంది.

బల్ల చుట్టూ డాక్టర్లు తినడం ఆపారు. జహీర్ మెల్లగా చెయ్యి కడుక్కున్నాడు. అందరికీ వినిపించేలా చెప్పాడు. "టప్‌మన్న చప్పుడు, వెంటనే వాపు, ఇవి తాడు తెగిన గుర్తులు. పొద్దున తప్పు చేసింది నేనే. ముందు అడగకుండా చేతులతో మొదలుపెట్టాను. నేను నేర్చుకున్నచోట ఆటగాళ్లు నొప్పి చెప్పుకోవడానికి వచ్చేవాళ్లు. మన దగ్గర నొప్పి దాచుకోవడానికి వస్తారు. మన దవాఖానాల్లో ఉన్నవి రెండే మాటలు, ఫిట్, అన్‌ఫిట్. అన్‌ఫిట్ అంటే గని మనిషికి నౌకరి పోయిందనే అర్థం. ఆ భయంతో కాలు బిగబట్టుకుంటాడు. పైకప్పు తక్కువున్న సొరంగాల్లో ఐదేళ్లు వంగి నడిచిన తొడలు. ఆ కండ బిగిస్తే తెగిన తాడును కూడా దాచేస్తుంది. మనమంతా లాగి చూసింది మోకాలిని కాదు, భయాన్ని."

మల్లేశ్ ఉప్పు గిన్నెను తీసి పక్కన పెట్టాడు.

మళ్లీ లోపలికి వెళ్లారు. ఈసారి జహీర్ పెన్నును పోచయ్య జేబులో పెట్టేశాడు. "ఇప్పుడేం రాయను. మామూలుగ చూస్త, అంతే" అన్నాడు. మోకాలి కింద దుప్పటి చుట్ట పెట్టాడు. బాగున్న కాలిని ముందు పట్టుకున్నాడు. దాన్ని లాగి, ఊపి, ఇది ఇలా ఉంటుంది చూడు అని మల్లేశ్‌కే చూపించాడు. దెబ్బ లేని కాలు కాబట్టి అతను బిగపట్టుకోలేదు. మాటల్లో పెట్టి, చేతులు పొట్ట మీద వేసుకోమన్నాడు. ఊపిరి నెమ్మదిగా వదలమన్నాడు. తర్వాత రెండో కాలు విజయ చేతికి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది. గదిలో అందరూ ఆమె చేతులనే చూస్తున్నారు. పిక్క ఎముక ముందుకు వచ్చింది. ఆగాల్సిన చోట ఆగలేదు. నా కుర్చీ దగ్గరికి కూడా కనిపించింది.

"జారింది" అంది విజయ. మెల్లగా అంది.

మల్లేశ్ కళ్లు మూసుకున్నాడు. "నాకు ఎరుకే సార్. మెట్లు దిగుతాంటె ఒక్కోపారి కాలు నాది కానట్టు ఇడిసిపెట్టి పోతది. కని ఆదివారం ఒక్కటి ఆడనియ్యి. ఆడకుంటె నన్ను ల్యాంప్ రూంల ఎందుకు ఉంచుతరు? మళ్ల కిందికి పొమ్మంటరు. కింద గీ కాలుతోని నేనెట్ల ఎత్తాలె బొగ్గు?"

అప్పటిదాకా ఊరుకున్న పోచయ్యకు కోపం వచ్చింది. "పంజాబ్ దాక పోయి నేర్చుకొచ్చింది గిదేనా సార్? మంచిగ ఆడేటోన్ని కూసోబెట్టుడా?"

"గిదే కాక" అన్నాడు జహీర్. గొంతు పెంచలేదు. "పట్టీ కట్టుడు ఒక్క నెలల నేర్చుకున్న. కూసోబెట్టుడు నేర్చుకోనీకె ఏడాది పట్టింది. ఆదివారం గిట్లనే తిరుగుతడు. ఇంకోపారి టప్ మంటది. గప్పుడు మోకాల్ల ఉన్న మెత్తలు గుడ నలుగుతయి. ఆట కాదు, నడుక పోతది. గప్పుడు ల్యాంప్ రూం గుడ ఉండది."

పోచయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మా తమ్ముణ్ని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. కఠినమైన మాట చెప్పాల్సివస్తే గది వదిలి పోయేవాడు. ఇప్పుడు బల్ల పక్కనే ఉన్నాడు. మల్లేశ్ భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

తర్వాత పన్నెండు మంది డాక్టర్లు కలిసి చేసిన పని నేను మరిచిపోలేను. ఆ చిట్టీలో ఏం రాయాలని ఒక గంట మాట్లాడుకున్నారు. ఫిట్ అంటే అబద్ధం. అన్‌ఫిట్ అంటే అన్యాయం. చివరికి జహీర్ రాసి చదివి వినిపించాడు. ల్యాంప్ రూం డ్యూటీ పూర్తిగా చేయగలడు. ఆటకు తయారీలో ఉన్నాడు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి. గనిలో బరువులు ఎత్తే పని వద్దు. కింద జహీర్ సంతకం చేశాడు. విజయ తనంతట తాను పెన్ను అడిగి పక్కన సంతకం చేసింది. కాసిపేట డాక్టరు, "మా దగ్గర ఇలాంటివాళ్లు నలుగురున్నారు, ఈ మాటలు నేను రాసుకుపోతాను" అన్నాడు. మిగిలిన పొద్దంతా మల్లేశ్ కాలి మీదనే పాఠం నడిచింది. గోడకు ఆని కూర్చోవడం, మెట్టు మీద ఒంటికాలితో నెమ్మదిగా దిగడం, ఏ నెలలో ఏది, ఏ గుర్తు కనిపిస్తే ఆగాలి, హైదరాబాద్‌లో ఎముకల డాక్టరుకు ఎప్పుడు చూపించాలి. ఆపరేషన్ అవసరమవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనని జహీర్ దాచకుండా చెప్పాడు. తెలియనిది తెలియదని చెప్పడం కూడా పాఠంలో భాగంగానే ఉంది.

సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత అందరం గ్రౌండుకు నడిచాం. దవాఖానా నుంచి ఐదు నిమిషాలు. సాయంత్రాలు ఎవరైనా వెళ్లి చూడవచ్చు, టికెట్టు లేదు. కూర్చోవడానికి సిమెంటు మెట్లున్నాయి, కింద వేసుకోవడానికి ఏదైనా తీసుకెళ్లండి. మట్టిని తడిపి, దువ్వి, గీతలు గీశారు. కుర్రాళ్లు మల్లేశ్‌ను చూసి, "అన్నా, ఆడుతున్నవా?" అని చుట్టూ మూగారు. అతను పోచయ్య వైపు చూశాడు. చిట్టీ పోచయ్య చేతిలో ఉంది.

ఆయన చిట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆడడు" అన్నాడు. "ఆదివారం ఓడుతమేమో. ఓడుదాం. ఏ సారు ఏమన్న అననియ్యి, ల్యాంప్ రూంల గీ మల్లేశే ఉంటడు. సోమారం నేనే పోయి కూసుంట ఆఫీసుల. ఈణ్ని కిందికి పంపేదుంటె ముందుగాల నన్ను పంపుమంట." తర్వాత మల్లేశ్ మీద అరిచాడు. "ఏందిరా నిలబడ్డవ్? డాక్టర్ కూసోమన్నడు గద! నా పక్కకు కూసో. ఎవడు ఏ కాలు ముందు పెడుతుండో చూసి చెప్పు."

మల్లేశ్ కూర్చున్నాడు. కూత మొదలైంది. లోపలికి వెళ్లిన కుర్రాడు గీత దగ్గర తడబడగానే మల్లేశ్ లేచి, "ఎడమకు! ఎడమకు మర్రురా!" అని కేకేశాడు. మెట్ల మీద వరసగా కూర్చున్న పన్నెండు మంది డాక్టర్లు ఒక్కసారిగా, "కూసో!" అన్నారు. గ్రౌండంతా నవ్వింది. మల్లేశ్ కూడా నవ్వాడు. పోచయ్య అతని చొక్కా పట్టుకొని కిందికి లాగాడు. ఆట అయ్యేదాకా ఆ చొక్కా వదలలేదు.

మగ్రిబ్ నమాజు తమ్ముడి క్వార్టర్‌లో చేసుకున్నాను. ఆ మోకాలి కోసం, ఆ ల్యాంప్ రూం కోసం దువా చేశాను. సోమవారం ఆఫీసులో ఏమంటారో నాకు తెలియదు. పై చదువు అంటే మనిషిని మనుషులకు కాస్త దూరం చేసేదని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు చూసింది వేరు. ఏడాది పాటు నేర్చుకున్న విద్యంతా వాడు ఒక కాలిని ఎంత మెత్తగా పట్టుకోవాలో, ఒక చిట్టీలో ఏ మాట రాయాలో అన్నదాని మీద పెట్టాడు. అది పన్నెండు మంది చేతుల్లోకి వెళ్లింది. ఆ చేతులు తెల్లారి శ్రీరాంపూర్‌లో, కాసిపేటలో జ్వరాలు చూస్తూనే మోకాళ్లూ చూస్తాయి. అల్లా ఆ చేతులకు బరకత్ ఇవ్వాలి.

మీ ఇంట్లో ఆటగాడు ఉండి అక్కడికి తీసుకెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. మోకాళ్ల పైదాకా వచ్చే నిక్కరు వేయించండి, బల్ల మీద పడుకోగానే బాగున్న కాలిని ముందు చూపించమనండి.